రాయి పెట్టిన కట్టె

మా జంపత్త జన్మలో కట్టె కొనలేదు. ఈ మాట ఆమె అడిగినవాళ్ళకూ చెబుతుంది, అడగనివాళ్ళకూ చెబుతుంది. జనాభా లెక్కలకు వచ్చిన పంతులు "ఆస్తి ఏమన్నా ఉందా అమ్మా?" అంటే చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయి కట్టెల గోడ చూపించింది. అది నిజంగా గోడే. నిలువెత్తున, ఇంటికి ఈ చివర నుంచి ఆ చివర దాకా, లావు మొద్దులు అడుగున, వెదురు ముక్కలు మధ్యలో, సన్నపుల్ల పైన, ఎక్కడా ఒక్కటి జారకుండా పేర్చిన గోడ. పంతులు నవ్వి వెళ్ళిపోయాడు. మన ఆస్తి చూస్తే నవ్వు వచ్చేవాళ్ళనే లెక్కలు రాయడానికి పంపుతారు.

ఆమె పేరు జంపక్క. మా నాయనకు చెల్లెలు, నాకు మేనత్త. భద్రాచలంలో గోదావరి రేవుకు దిగే సందులో ఆమె ఇల్లు, దాని పక్కన మాది. ఆమె మగడు అడవిలో వెదురు నరికే కూపు పనికి పోయి జ్వరంతో వచ్చాడు, మళ్ళీ లేవలేదు. అప్పటికి కూతురు సారక్క గోడ పట్టుకుని నడుస్తోంది. అత్త హోటల్లో అంట్లు తోమి, కాలం వచ్చినప్పుడు మిరపకాయలు ఏరబోయి ఆ పిల్లను పెంచింది, పెళ్ళి చేసింది. ఇదంతా ఆమె గొప్పగా చెప్పుకోదు. అందరూ చేసేదే గదా అంటుంది. కట్టెల సంగతి మాత్రం గొప్పే.

పైఊరి వాళ్ళకు ఇది అర్థం కాదు. ఖమ్మం నుంచి వచ్చిన చుట్టం ఒకాయన "మీకేందిరా, అడివిల ఉన్నరు, కట్టెకేం తక్కువ?" అన్నాడు. అడవి మా పక్కన ఉంది కానీ మాది కాదు. వెదురు లారీలెక్కి కాగితం మిల్లుకు పోతుంది. టేకు కంట్రాక్టరుకు పోతుంది. ఆడమనిషి నెత్తిన ఎండుపుల్లల మోపు పెట్టుకుని వస్తే మాత్రం చెక్‌పోస్టు కర్ర కిందికి దిగుతుంది. ఇంటి వాడకానికి ఎండుపుల్ల ఏరుకోవచ్చని రూలు ఉందట, నేను చదివాను. రూలు పుస్తకంలో ఉంది, గార్డు అడవిలో ఉన్నాడు. ఇక ఊళ్ళో కట్టెల అడితి. అక్కడ తడికట్టెను కాటా మీద పెడతారు. కట్టెతో పాటు నీళ్ళు కూడా మనమే కొనుక్కోవాలి.

అత్త అడవి గడప తొక్కలేదు, అడితి గడపా తొక్కలేదు. ఆమె గోదావరిలోకి దిగింది.

వానాకాలం మొదట్లో ఎర్రనీళ్ళు వస్తాయి. ఎక్కడెక్కడి కొండల మీదో ఎండి విరిగిన కొమ్మలు, వేళ్ళతో సహా లేచిపోయిన మొదళ్ళు, వెదురు బొంగులు ఆ నీళ్ళతో కొట్టుకొస్తాయి. మగవాళ్ళు నడి ఏటికి ఈదుకుంటూ పోయి, మొద్దుల మీద ఎక్కి, కాళ్ళతో తన్నుకుంటూ ఒడ్డుకు తెస్తారు. చూడటానికి బాగుంటుంది. అత్తకు ఈత రాదు. రేవుకు దిగువన నీళ్ళు ఒడ్డును ఒరుసుకుని మలుపు తిరిగే మూల ఒకటుంది. అక్కడ చీర కచ్చ పోసి, నడుముకు తాడు కట్టుకుని, తాడు రెండో కొస ఒడ్డు మీది బండకు చుట్టి, నడుములోతులో నిలబడుతుంది. చేతిలో కొక్కెం బిగించిన పొడుగాటి గడ. వచ్చినదాన్ని వచ్చినట్టే లాగుతుంది. ఆ మూలకు జనం జంపక్క మూల అని పేరు పెట్టారు. ఊళ్ళో వీధులకు ఎవరెవరివో పేర్లున్నాయి. వాళ్ళెవరూ నడుములోతులో నిలబడినట్టు నాకు తెలియదు.

"ఏం వదినె, గోదారి మీద శిస్తు వసూలు చేస్తున్నవా?" అని పడవ దూలయ్య అరిచేవాడు. దూలయ్య మా సందువాడే. పడవ నడుపుతాడు, పడవ కంటే నోరు ఎక్కువ నడుపుతాడు.

"నీలెక్క నడి ఏట్లకు ఉరికి, మొసలికి ముడ్డి చూపెట్టి తెచ్చుకుంటనా? నేను నిలబడ్డ కాడికే వస్తది నా కట్టె."

"మొసలి నన్ను ముట్టదు వదినె. బీడీ కంపు."

"గదైతే నిజం."

లాగిన కట్టె వెంటనే ఇంటికి రాదు. నీళ్ళు తాగి బరువుగా ఉంటుంది. ఒడ్డు మీదే కుప్ప పోసి ఆరబెడతారు. కుప్ప మీద ఒక రాయి పెడతారు, అంతే. రాయి ఉందంటే ఆ కట్టెకు మనిషి ఉన్నాడని. ఎవరా మనిషి అని అడిగే పని లేదు. కాపలా లేదు, కంచె లేదు. మా సందులో కోళ్ళు పోతాయి, బిందెలు పోతాయి, తీగ మీద ఆరేసిన చీర పోతుంది. రాయి పెట్టిన కట్టె పోవడం నేను పుట్టి చూడలేదు. కోళ్ళు ఎత్తుకుపోయేవాడు కూడా ఆ కుప్ప దగ్గరికి వచ్చేసరికి పక్కనుంచి నడిచిపోతాడు.

ఇది అందరి కట్టుబాటు. దీని మీద అత్త తనవి ఇంకో రెండు పెట్టుకుంది. ఒకటి, గోదారి కట్టెను అమ్మదు. అడితివాడు మనిషిని పంపితే "ఊరికే వచ్చిందాన్ని ఊరికే కాలబెట్టుకుంట, పో" అంది. రెండోది, సందులో ఎవరింట్లో కాన్పు అయినా ఆ ఇంటికి కట్టె ఆమె పెరట్లోనుంచి పోవాలి. బాలింత మంచం కింద రాత్రీ పగలూ నిప్పుల కుంపటి ఉండాలి, కాగుడు నీళ్ళు ఉండాలి. తడి ఆరని కట్టె పెడితే పొగ, పొగకు పసిపిల్ల దగ్గు. అందుకని బాగా ఎండిన చేవకట్టెను వేరుగా తీసి చూరు కింద దాచేది. కబురు రాగానే మోపు కట్టి నెత్తిన పెట్టుకుని తానే పోయేది. పిలవకపోతే అలిగేది కూడా. మా సందులో నా ఈడు వాళ్ళు, మా తర్వాతి వాళ్ళు, అందరం ఆమె కట్టె సెగకు కాగినవాళ్ళమే.

ఎనభై ఆరు ఆగస్టులో పెద్ద వరద వచ్చింది. పేపర్లలో వరద అంటే అడుగుల లెక్క, పైన ఎగిరిన హెలికాప్టరు. మాకు వరద అంటే కట్టెల గోడ లేచిపోవడం. నీళ్ళు సందులోకి వచ్చినప్పుడు అత్త బియ్యం మూట పట్టుకోలేదు, ట్రంకుపెట్టె పట్టుకోలేదు. నెలలు మోస్తున్న సారక్కను పట్టుకుని గుట్ట మీది బడికి ఎక్కించింది. అక్కడి నుంచి చూస్తుండగానే ఆమె ఏళ్ళ తరబడి పేర్చిన గోడ ముందు ఊగింది, తర్వాత ఒక్కసారిగా విడిపోయింది. మొద్దులన్నీ మంద కదిలినట్టు నీళ్ళలో కదిలిపోయాయి.

"పోనీ," అంది అత్త. "గోదారమ్మ ఇచ్చింది, ఆమెనే తీస్కపోయింది. మళ్ళ ఇస్తది."

అప్పటికింకా ఆమెకు దిగులు లేదు. సారక్కకు నెలలు నిండటానికి చాలా టైముంది గదా అనుకుంది. అల్లుడు మణుగూరు బొగ్గుబాయిలో పని, దారి మొత్తం నీళ్ళు, రాలేడు. వస్తాడులే అనుకుంది.

నీళ్ళు తీయడం మొదలుపెట్టిన నాలుగైదు రోజులకు, ఒక పొద్దున, బడి వసారాలో, నాలుగు చీరలు అడ్డం కట్టి, సారక్క ప్రసవించింది. ఆడపిల్ల. నెలలు నిండని పిల్ల. అరచేతిలో పట్టేటట్టు ఉంది. ఏడవలేదు, పిల్లికూనలాగా మూలిగింది. క్యాంపుకు వచ్చిన నర్సమ్మ మంచిదే, ఉన్నంతలో అన్నీ చేసింది. పోయేటప్పుడు అత్తను పక్కకు పిలిచి, "దవాఖానా నిండ నీళ్ళే ఉన్నయమ్మా, తీస్కపోవడానికి లేదు. ఈ పిల్లకు మందు వెచ్చదనమే. చలి తగలనియ్యొద్దు. ఎట్ల చేస్తరో, నిప్పు సెగ ఉండాలె," అంది.

బయట ముసురు. గోడలు చెమ్మ. నేల చెమ్మ. ఒంటి మీది బట్ట చెమ్మ. ఆ గుట్ట మీద ఉన్న మూడు నాలుగొందల మందిలో ఎవరి దగ్గరా ఎండుపుల్ల లేదు. విరిగిన బెంచీ ఒకటి మొదటి రోజే గంజికి అయిపోయింది. మిగతావాటి మీద ముసలివాళ్ళు పడుకున్నారు. దూలయ్య నీళ్ళలోనుంచి లాగిన ఒక మొద్దు తెచ్చి నానా తంటాలు పడి అంటించాడు. అది మండలేదు. పొగ మాత్రం వసారా నిండా వచ్చింది. పిల్ల దగ్గలేక దగ్గలేక నీలం తిరిగింది.

"తీసెయ్, తీసెయ్! సంపుతవా పిల్లను!" అని అత్త ఆ మొద్దును కాలితో వానలోకి తన్నింది.

అప్పుడు పిల్లను సారక్క రొమ్ముల మధ్య పెట్టి పైన పొడిగా ఉన్న ఒకే ఒక్క గొంగడి కప్పారు. సారక్క వణుకుతోంది. తల్లే వణుకుతుంటే పిల్లకు ఏం వెచ్చదనం? సందు ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. ఒకరి ఒంటి మీద నుంచి ఇంకొకరి ఒంటి మీదికి పిల్ల మారుతోంది. పిల్ల పాదాలను అత్త మాటిమాటికీ చెంపకు ఆనించుకుని చూస్తోంది. ఒక్కో వంతుకూ ఆమె మొహం బిగుసుకుపోతోంది. ఎందరి కాన్పులకో సెగ పంపిన మనిషి. తన కూతురు పురుడు పోసుకునే నాటికి తన దగ్గర పుల్ల లేదు.

"అల్లుడా, నడువ్," అంది నాతో. "పొడికట్టె ఎక్కడన్నా ఉంటది. గోదారి అంత తెచ్చి అంత తీస్కపోదు."

నేనూ అత్తా దూలయ్యా ఒడ్డు పట్టుకుని నడిచాం. కట్టె లేకపోవడమా! కట్టె ఉంది. నీళ్ళు తీసిన చోటల్లా కుప్పలు. కానీ అన్నీ బురదలో కూరుకుపోయి, పిండితే నీళ్ళు కారేటట్టు ఉన్నాయి. అట్లా నడుస్తూ నడుస్తూ ఎత్తుబండ దగ్గరికి వచ్చాం. ఊరికీ ఏటికీ మధ్య ఏనుగు వీపులాంటి నల్లబండ అది. వరద బాగా పెరిగిన నాడు దాని నెత్తి దాకా నీళ్ళెక్కి, ఒక పెద్ద కుప్పను అక్కడ వదిలి ముందే దిగిపోయాయి. తర్వాత రెండు మూడు రోజులు ఎండ కాసింది. ఇప్పుడు పడుతున్న ముసురు పైపైనే తడిపింది. దూలయ్య కుప్పలోకి చెయ్యి దూర్చి ఒక కొమ్మ లాగి మోకాలికేసి కొట్టాడు. ఫట్మని విరిగింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. లోపలంతా ఎండుకట్టె.

"దొరికింది వదినె!" అని దూలయ్య తలగుడ్డ విప్పి నేల మీద పరిచాడు, మోపు కట్టడానికి.

అత్త కదల్లేదు. పైకి చూస్తోంది. కుప్ప నడినెత్తిన ఒక రాయి ఉంది.

మామూలు రాయి కాదు. ఇసుర్రాయి పైబిళ్ళ. గుండ్రంగా, నడుమ బొక్కతో, పిడి ఊడిపోయి. గోదావరి కొమ్మలు తెస్తుంది, చచ్చిన గొడ్లు తెస్తుంది, ఇళ్ళ తలుపులు తెస్తుంది. ఇసుర్రాయిని తెచ్చి కుప్ప నెత్తిన జాగ్రత్తగా పెట్టదు. మనిషి చేతితో పెట్టిందే.

"ఎవలదో ఉంది," అంది అత్త.

దూలయ్య రాయి వైపు చూశాడు, అత్త వైపు చూశాడు. "వదినె, ఊరంత కొట్టుకపోయింది. ఇప్పుడు ఎవలది ఏంది?"

"రాయి కొట్టుకపోలే గదా."

"నీ మనవరాలు అక్కడ—"

"నా మనవరాలు అక్కడ ఉన్నదని నాకు తెల్వదా? ఇది పెట్టినోళ్ళ ఇంట్ల ఎవలున్నరో నీకు ఎరుకనా? వాళ్ళకూ ఒక పసిగుడ్డు ఉంటే?"

"రాయికి కండ్లున్నయా, చూస్తదా?"

"దానికి లెవ్వు. నీకున్నయి, నాకున్నయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. టేకు లారీలకు లారీలు దాటించేవాళ్ళు ఏ రాయినీ చూడరు. తడికట్టె తూచి అమ్మేవాడు ఏ రాయినీ చూడడు. ఈ దేశంలో కట్టుబాటంతా రేవు సందులో అంట్లు తోముకునే ఆడదాని నెత్తినే ఎందుకు ఉండాలి? ఆ మాటే అన్నాను. ఆ రాయిని ఏట్లోకి దొర్లించేస్తా అన్నాను. ఇవాళ ఎవరన్నా అడిగినా అదే అంటాను.

అత్త నా మీద అరవలేదు. "నువ్వు చదువుకుంటవు, నీకు మస్తు తెలుసు," అంది. "గా రాయి మీద ఆశ వెట్టుకొని ఎవలో ఒకరు ఇయ్యాల ధీమాగ కూసొని ఉంటరు. నేను నా రాళ్ళు వెట్టుకొని ఇన్నేండ్లు గట్లనే ధీమాగ కూసున్న. తీసి ఏట్ల పారేస్తే రేపటి సంది ఎవల రాయీ రాయి కాదు. నడువ్, పెట్టినోళ్ళను పట్టుకుందం. కాళ్ళు పట్టుకొని అడుగుత. అడుగుతే ఎవలు కాదంటరు?"

జన్మలో ఎవరినీ కట్టె అడగని మనిషి ఆ మాట అంది. అది ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. దూలయ్యకూ తెలుసు. అందుకే తలగుడ్డ దులిపి చుట్టుకున్నాడు.

ఇంకో సంగతి అప్పుడే తెలిసింది. గుట్ట మీదికి తిరిగి వచ్చి అడిగితే, ఆ కుప్పను మొదట చూసింది మేం కాదట. కుమ్మరి సందు వాళ్ళు చూశారు. గంజి కాయడానికి పుల్లల్లేక పచ్చి అటుకులు తిన్న వాళ్ళు చూశారు. చాకలి ముత్యాలు రెండుసార్లు పోయి చూసి వచ్చాడట. అందరూ రాయిని చూసి వెనక్కి వచ్చినవాళ్ళే. ఊరికి ఊరు చలికి వణుకుతూ, ఎవరిదో తెలియని ఒక రాయికి మర్యాద చేస్తోంది.

అత్త వరస తప్పకుండా అడుగుతూ పోయింది. "ఇసుర్రాయి పైబిళ్ళ, పిడి లేదు, ఎత్తుబండ మీద కుప్పకు పెట్టిన్రు, మీదేనా అమ్మా?" ఒక్కో తరగతి గది, ఒక్కో కుటుంబం. మాది కాదు. మాది కాదు. మధ్యలో పరుగున వచ్చి పిల్ల పాదాలు ముట్టుకుని చూసి మళ్ళీ పోతోంది. గుట్ట మీద ఎవరిదీ కాదని తేలింది. ఇక మిగిలింది మార్కెట్ షెడ్డులోని క్యాంపు. బజారు వాళ్ళంతా అక్కడ ఉన్నారు. మోకాలి లోతు బురదలో నడిచి అక్కడికి పోయాం.

షెడ్డు గుమ్మంలోనే అత్త గొంతు ఎత్తింది. "ఇసుర్రాయి పైబిళ్ళ! నడుమ బొక్క, పిడి లేదు! ఎవలది?"

మూలనుంచి ఒక ఆడమనిషి దిగ్గున లేచింది. పరుపులు కుట్టే జానీ మియా భార్య, ఫజిలత్ బీ. "నాది! నా ఇసుర్రాయి! ఎక్కడ దొరికింది అక్కా నీకు?" అని, వెంటనే వెనక్కి తిరిగి మొగుడి మీద పడింది. "చూసినవా? ఇంట్లనే ఉన్నదంటివి! నీళ్ళల్ల పోయిందంటివి! నా అమ్మ ఇచ్చిన రాయి, మొన్నటి సంది వెతుకుతున్న, నోరు మెదపకుంట కూసున్నడు చూడు దూదిమూట లెక్క!"

జానీ మియా గడ్డం గోక్కున్నాడు. ముసలాయన, ఎండుగడ్డి లాంటి మనిషి. "అరె, దొరికింది గదా. ఇంక లొల్లి ఎందుకు?"

అత్త రెండు చేతులూ జోడించింది. నేను ఆమెను అట్లా ఎన్నడూ చూడలేదు. "మియా, నీ కట్టెల నుంచి ఒక్క మోపు ఇయ్యి. నా బిడ్డకు కాన్పయింది. పిల్ల సల్లవడుతున్నది. మళ్ళ ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు మోపుకు రెండు మోపులు నీ ఇంటి ముందల ఏస్త."

"నా కట్టెలా?" అన్నాడు జానీ మియా. "ఏ కట్టెలు?"

"ఎత్తుబండ మీద కుప్ప. మీ రాయి పెట్టిన కుప్ప."

"రాయి నేనే పెట్టిన. కట్టెల కోసం కాదమ్మా. బొంతలు ఆరేసిన. ఎండ కొట్టేది గా బండ ఒక్కదాని మీదనే గదా అని తడిసిన బొంతలన్నీ మోసుకపోయి గా పుల్లల మీద పరిచిన. గాలికి లేస్తయని మీద గీ రాయి పెట్టిన. మళ్ళ మబ్బు పట్టంగనే బొంతలు చుట్టుకొని జల్దీ జల్దీ ఉరికిన. రాయి యాదే లేదు."

ముందు దూలయ్య నవ్వాడు. ముక్కులోంచి మొదలై, పొట్ట పట్టుకుని, బురదలో కూలబడేదాకా నవ్వాడు. "ఓ వదినె! ఊరంత బొంతకు సలాం కొట్టినమే!"

"అంటే," అన్నాడు జానీ మియా మెల్లగా, "నా రాయిని చూసి ఎవలూ ముట్టలేదా? గన్ని దినాల సంది?"

"ఎవలూ ముట్టలే," అంది అత్త.

"పుల్ల కూడ?"

"పుల్ల కూడ."

ఆయన నలభై ఏళ్ళు ఆ ఊరి బజార్లో దూది ఏకినవాడు. ఒడ్డు మీది కట్టుబాటు ఆయనకు తెలియదు. తెలిశాక ఏమనుకున్నాడో గానీ, లేచి లుంగీ ఎగ్గట్టాడు.

"తీస్కో అమ్మా. అంత తీస్కో. నన్ను అడుగుడు ఏంది?"

"గట్ల కాదు మియా," అంది అత్త. "నువ్వు పెట్టినవు, నువ్వే తియ్యాలె. నలుగురు చూస్తుండంగ తీస్తేనే మేం ముడుతం."

పిల్ల పాదాలు చల్లబడుతున్న వేళ కూడా ఆమెకు ఆ పద్ధతి కావాలి. నేను పళ్ళు కొరుక్కున్నాను. దూలయ్య మాత్రం ముసలాయన ముందు వంగి వీపు చూపించాడు. జానీ మియా అతని మెడ చుట్టూ చేతులు వేశాడు. అట్లా మోసుకుని, జారుతూ, తిట్టుకుంటూ, ఫజిలత్ బీ వెనకనుంచి "పడేస్తవు, జర పైలం!" అని అరుస్తుండగా ఎత్తుబండకు పోయాం. దారి పొడుగునా జనం కలిశారు. గుట్ట మీది వాళ్ళు, కుమ్మరి సందు వాళ్ళు, ముత్యాలు. ముసలాయన కుప్ప ఎక్కి, ఆ రాయిని రెండు చేతులతో ఎత్తి, ఫజిలత్ బీకి అందించాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి చంకలో పెట్టుకుంది.

నేను అనుకున్నట్టు జనం మీద పడి లాక్కోలేదు. పక్కకు జరిగి అత్తకు దారి ఇచ్చారు. ఆమె కుప్ప లోపలికి చెయ్యి పెట్టి పొడిగా ఉన్నవి చూసి చూసి తీసింది. చాలా తక్కువ తీసింది. ఒక్క మోపు. "కడమది వంటలకు మీరు మీరు పంచుకోన్రి," అని అది నెత్తిన పెట్టుకుని పరుగు తీసింది. అంత వయసులో, ఆ బురదలో, నెత్తిన మోపుతో ఆమె పరిగెత్తడం చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. నేను ఉత్తచేతులతో కూడా ఆమెను అందుకోలేకపోయాను.

సగానికి కోసిన తారు డబ్బాలో నిప్పు రాజేసింది. ముందు పుల్లలు, తర్వాత వెదురు చీలికలు, తర్వాత చేవకట్టె. మంట లేచి తగ్గి, ఎర్రటి నిప్పులు మిగిలేదాకా డబ్బాను వసారా బయటే ఉంచి, పొగ పోయాక లోపలికి తెచ్చి సారక్క పడుకున్న బెంచీ కిందికి నెట్టింది. ఇటుక ముక్కలు కాల్చి గుడ్డలో చుట్టి బెంచీకి రెండు పక్కలా పెట్టింది. వసారాలో చెమ్మ వాసన పోయి వేడి గాలి మొదలైంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేతులు చాపి, కాచుకుని పోయారు.

కాసేపటికి జానీ మియా మళ్ళీ దూలయ్య వీపు మీద వచ్చాడు. చంకలో ఒక మూట. "ఇంటి వాసానికి కట్టి ఉండె. ఇది ఒక్కటే తడవలే," అని విప్పాడు. ఏకిన తెల్లటి దూది. దాన్ని పొరలు పొరలుగా విడదీసి, నిప్పుల మీద దూరంగా పట్టుకుని, వెచ్చబడ్డ పొరను చెంపకు ఆనించి చూసుకుని, పిల్లకు చుట్టాడు. మళ్ళీ ఇంకో పొర. తల, గుండె, పాదాలు. మొహం ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

"ఎన్ని పెండ్లిళ్ళకు పరుపులు కుట్టినమో," అన్నాడు. "గింత చిన్న పరుపు ఎన్నడూ కుట్టలే బేటీ."

గుట్ట ఎక్కిన తర్వాత సారక్క మొదటిసారి నవ్వింది.

చీకటి పడకముందే పిల్ల ఏడ్చింది. మూలుగు కాదు, ఏడుపు. గది గదిలో వినిపించేంత ఏడుపు. ఆకలి ఏడుపు. సారక్క రొమ్ము అందిస్తే పట్టుకుంది. అత్త దూదిలోకి వేలు పెట్టి పాదం తడిమి చూసింది. ఈసారి ఆమె మొహం బిగుసుకోలేదు. కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుంది. ఆ రోజంతా ఆమె కూర్చోవడం నేను చూడలేదు.

"అవ్, ఏడువ్," అంది మనవరాలితో. "ఊరంత వినాలె. ఎవల సొమ్మూ ముట్టకుంట కాగిన పిల్లవు నువ్వు."

దూలయ్య గుమ్మంలో చతికిలబడి చెవి వెనకనుంచి తడి బీడీ తీశాడు. దాన్ని డబ్బా దగ్గర పట్టి ఆరబెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా డబ్బా వైపు చెయ్యి చాపాడు. "వదినె, ఒక్క నిప్పు రవ్వ."

"ఏయ్, చెయ్యి తియ్. బాలింత నిప్పు గడప దాటదు."

"ముసలాయన్ను రెండు మార్లు మోసిన. నా నడుము విరిగింది. బీడీకి రవ్వ ఇయ్యవా?"

"ఇయ్య."

"గీ ఒక్కసారికి—"

"కాళ్ళు పట్టుకున్నా ఇయ్య," అంది అత్త, మొహమంతా నవ్వుతో, కుంపటికి అడ్డంగా చీర కొంగు పరుచుకుంటూ.